మంచుకొండను లాక్కొచ్చి నగరానికి నీళ్లివ్వడం: కేప్‌టౌన్ ప్రతిపాదనపై తరచుగా అడిగే ప్రశ్నలు

అంటార్కిటికా నుంచి విడిపోయిన మంచుకొండను ఓడలతో లాక్కొచ్చి, కరువులో ఉన్న తీర నగరానికి దాని నీటిని అందించాలన్న ఆలోచన 70 ఏళ్లకు పైగా చర్చలో ఉంది. 2018లో దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్ నగరం కోసం వచ్చిన ప్రతిపాదన ఇంతవరకూ వచ్చినవాటిలో వివరంగా ఆలోచించి తయారు చేసిన వాటిలో ఒకటి. అందుకే ఈ పేజీలో దాన్ని కేంద్రంగా పెట్టుకొని, పాఠకులు సాధారణంగా అడిగే ప్రశ్నలకు సమాధానాలు ఇచ్చాము.

కేప్‌టౌన్‌కు మంచుకొండ అవసరం ఎందుకు వచ్చింది?

2015 నుంచి 2017 వరకు వరుసగా మూడేళ్లు ఆ ప్రాంతంలో శీతకాలపు వానలు సరిగా పడలేదు. సుమారు 40 లక్షల జనాభా ఉన్న ఆ నగరం తాగునీటికి దాదాపు పూర్తిగా వాన నీటితో నిండే జలాశయాల మీదే ఆధారపడి ఉంది. వాటిలో అన్నిటికన్నా పెద్దదైన థీవాటర్స్‌క్లూఫ్ జలాశయంలో నేల పగుళ్లిచ్చి, ఎండిపోయిన చెట్ల మొదళ్లు బయటపడిన దృశ్యాలను అప్పట్లో ప్రపంచమంతా చూసింది. జలాశయాల నిల్వ 13.5 శాతానికి పడిపోయిన రోజున ఇళ్ల కుళాయిలు కట్టేస్తామని, మనిషికి రోజుకు 25 లీటర్ల చొప్పున పంపిణీ కేంద్రాల దగ్గర వరుసలో నిలబడి తీసుకెళ్లాల్సి ఉంటుందని నగర పాలక సంస్థ ప్రకటించింది. ఆ రోజుకు ‘డే జీరో’ అని పేరు పెట్టారు. 2018 ఫిబ్రవరి 1 నుంచి ఒక్కొక్కరు రోజుకు 50 లీటర్లకు మించి వాడకూడదని ఆంక్ష పెట్టారు. స్నానం, వంట, బట్టలు, మరుగుదొడ్డి అన్నీ ఆ 50 లీటర్లలోనే జరగాలి.

ఆ పరిస్థితిలో నిక్ స్లోన్ ముందుకొచ్చారు. ఆయన దక్షిణాఫ్రికాకు చెందిన నౌకా ఉద్ధరణ నిపుణుడు. 2012లో ఇటలీ తీరంలో ఒరిగిపోయిన కోస్టా కాంకోర్డియా అనే భారీ ప్రయాణికుల ఓడను 2013లో నిలబెట్టి, 2014లో తేల్చి తరలించిన పనికి నాయకత్వం వహించింది ఆయనే. సముద్రంలో అతి బరువైన వస్తువులను కదిలించడం వృత్తిగా ఉన్న మనిషి కాబట్టే ఆయన మాటను ఊహాగానమని కొట్టిపారేయకుండా చాలామంది విన్నారు.

ప్రతిపాదన ఏమిటి?

దక్షిణ అట్లాంటిక్‌లోని గాఫ్ ద్వీపం చుట్టుపక్కల సముద్రానికి అంటార్కిటికా నుంచి మంచుకొండలు తేలుతూ వస్తుంటాయి. వాటిలో పైభాగం బల్లపరుపుగా ఉండి, సుమారు 10 కోట్ల టన్నుల బరువున్న ఒకదాన్ని ఉపగ్రహ చిత్రాల సాయంతో ఎంచుకుంటారు. లోపల పగుళ్లు లేవని పరీక్షించాక దాని చుట్టూ బలమైన వల బిగించి, కరుగుదలను తగ్గించడానికి మందపాటి వస్త్రంతో పక్కభాగాలను కప్పి, పెద్ద ఓడలతో సుమారు 2,700 కిలోమీటర్లు లాగుతారు. ప్రయాణానికి 80 నుంచి 90 రోజులు పడుతుందని అంచనా. గమ్యం కేప్‌టౌన్ రేవు కాదు, అక్కడికి ఉత్తరంగా సుమారు 150 కిలోమీటర్ల దూరంలో ఉన్న కేప్ కొలంబైన్ దగ్గరి సముద్రం. అక్కడ కొండను నిలిపి ఉంచి, ఏడాదిపాటు రోజుకు 15 కోట్ల లీటర్ల చొప్పున నీటిని తీయాలన్నది పథకం. అప్పటి నగర అవసరంలో అది 30 శాతం దాకా ఉంటుంది.

సముద్రంలో తేలే మంచు కదా, నీళ్లు ఉప్పగా ఉండవా?

ఉండవు. సముద్రపు నీరు గడ్డకట్టి ఏర్పడే పలుచని మంచు వేరు, మంచుకొండ వేరు. అంటార్కిటికా ఖండం మీద వేల ఏళ్లుగా కురిసిన మంచు పొరలు పొరలుగా పేరుకొని, పై బరువుకు గట్టిపడి, నెమ్మదిగా తీరం వైపు జరిగి, సముద్రం మీదికి చాచుకొని చివరకు విరిగి పడితే మంచుకొండ అవుతుంది. అంటే అది పూర్తిగా ఆకాశం నుంచి పడిన నీరు. భూమి మీది మంచినీటిలో దాదాపు 69 శాతం ఇలా హిమానీనదాల్లోనూ మంచు పొరల్లోనూ ఉంది, అందులో అత్యధిక భాగం అంటార్కిటికాలోనే.

ఈ మంచు ముక్కను గ్లాసులో వేస్తే చిటపటమని చప్పుడు వస్తుంది. మంచు కురిసిన కాలంలో పొరల మధ్య చిక్కుకున్న గాలి, బరువుకు నలిగి చిన్న చిన్న బుడగలుగా మారి, మంచు కరుగుతున్నప్పుడు ఒక్కొక్కటిగా పగులుతూ బయటపడటమే ఆ చప్పుడుకు కారణం. నీటిలో లవణాలు ఎంత తక్కువంటే, నగర సరఫరాలో కలిపే ముందు కొన్ని ఖనిజాలను చేర్చవలసి ఉంటుంది. సముద్రపు అలలు తాకే వెలుపలి పొరను మాత్రం వాడకూడదు.

ఈ ఆలోచన మొదట ఎవరిది?

ఆధునిక కాలంలో దీన్ని గట్టిగా ముందుకు తెచ్చినవారిలో మొదటగా చెప్పుకోవలసింది అమెరికాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థకు చెందిన జాన్ ఐజాక్స్. దక్షిణ కాలిఫోర్నియా నీటి కొరతకు అంటార్కిటికా మంచుకొండే మందు అని ఆయన 1949లోనే అన్నారు. 1973లో విల్ఫోర్డ్ వీక్స్, విలియం క్యాంప్‌బెల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు లాగే బలం, కరుగుదల, ఖర్చులను లెక్కగట్టి, పశ్చిమ ఆస్ట్రేలియాకూ దక్షిణ అమెరికాలోని అటకామా ఎడారి తీరానికీ ఇది సాధ్యపడవచ్చని పత్రం ప్రచురించారు. అదే ఏడాది అమెరికాలోని ర్యాండ్ సంస్థ కూడా ఒక సుదీర్ఘ నివేదిక ఇచ్చింది.

అందరి దృష్టీ దీని మీద పడింది 1977లో. సౌదీ రాజకుమారుడు మొహమ్మద్ అల్ ఫైసల్ చొరవతో అమెరికాలోని అయోవా రాష్ట్ర విశ్వవిద్యాలయంలో మంచుకొండల వినియోగంపై అంతర్జాతీయ సదస్సు జరిగింది. సదస్సుకు వచ్చినవారి పానీయాల్లో వేయడానికి అలాస్కా నుంచి మంచుకొండ ముక్కను తెప్పించారు. ఫ్రెంచ్ ధ్రువ అన్వేషకుడు పాల్ ఎమిల్ విక్టర్, ఇంజనీరు జార్జ్ మూజాన్ ఆ రాజకుమారుడితో కలిసి పనిచేశారు. మూజాన్ తరువాత మూడు దశాబ్దాలకు పైగా ఈ పనిని వదిలిపెట్టలేదు. 2010 ప్రాంతంలో ఒక ఫ్రెంచ్ సాఫ్ట్‌వేర్ సంస్థ సాయంతో కంప్యూటర్‌లో నమూనా ప్రయాణం చేయించి చూశారు. కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ నుంచి కెనరీ దీవులకు 70 లక్షల టన్నుల మంచుకొండను లాగడం ఆ పరీక్ష. మొదటిసారి సముద్రపు సుడుల్లో చిక్కుకొని ప్రయాణం విఫలమైంది. బయలుదేరే తేదీని మార్చి మళ్లీ నడిపితే 141 రోజుల్లో గమ్యం చేరింది, బరువులో 38 శాతం కరిగిపోయింది. స్లోన్ బృందంలో ఈ మూజాన్ కూడా ఉన్నారు, నార్వేకు చెందిన హిమ శాస్త్రవేత్త ఒలావ్ ఓర్‌హైమ్ కూడా ఉన్నారు.

అంతకుముందు మంచును ఇంత దూరం ఎవరూ తరలించలేదా?

కొండలుగా కాకపోయినా, గడ్డలుగా తరలించారు. ఇందులో మన ప్రాంతానికీ సంబంధం ఉంది. అమెరికాలోని బోస్టన్ వ్యాపారి ఫ్రెడరిక్ ట్యూడర్ చెరువుల మీది మంచును కోయించి, రంపపు పొట్టులో కప్పి, టస్కనీ అనే ఓడలో 1833లో కలకత్తాకు పంపాడు. బయలుదేరినప్పుడు 180 టన్నులున్న సరుకులో నాలుగు నెలల తరువాత సుమారు 100 టన్నులు మిగిలాయి. భూమధ్యరేఖను రెండుసార్లు దాటి వచ్చిన మంచు అది. అటుపై ఆయన సంస్థ మద్రాసులో కట్టించిన నిల్వ భవనమే ఐస్ హౌస్, నేటి వివేకానందర్ ఇల్లం. అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో తెలుగు జిల్లాలూ భాగమే కాబట్టి ఆ కథ మన చరిత్రలోదే. అక్కడ పనికొచ్చింది రంపపు పొట్టు, అంటే వేడిని అడ్డుకునే పొర. నేటి ప్రతిపాదనలోని వస్త్రపు తొడుగు చేయవలసిన పని కూడా అదే.

దక్షిణ చిలీలోని సాన్ రాఫెల్ సరస్సు నుంచి 19వ శతాబ్దం చివర్లో చిన్న మంచుకొండలను తెరచాపలు కూడా కట్టి వాల్పరైసో రేవు దాకా తెచ్చేవారని వీక్స్, క్యాంప్‌బెల్ పత్రంలో ప్రస్తావన ఉంది.

గ్రీన్‌లాండ్‌లోనూ మంచుకొండలు ఉన్నాయి కదా, అంటార్కిటికావే ఎందుకు?

ఆకారం వల్ల. గ్రీన్‌లాండ్ నుంచి వచ్చేవి ఎక్కువగా శిఖరాల్లా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. ఒక పక్క కరిగితే గురుత్వ కేంద్రం మారి హఠాత్తుగా బోర్లాపడతాయి, అప్పుడు తాడు జారిపోవడమే కాదు, దగ్గర్లో ఉన్న ఓడకు ప్రాణాపాయం. అంటార్కిటికాలో సముద్రం మీదికి చాచుకున్న విశాలమైన మంచు పలకల నుంచి విరిగేవి బల్లపరుపుగా, లోతు కంటే వెడల్పు ఎక్కువగా ఉంటాయి కాబట్టి స్థిరంగా తేలతాయి.

10 కోట్ల టన్నులంటే ఎంత నీరు?

మనకు అలవాటైన కొలతలో చెబితే సుమారు మూడున్నర టీఎంసీలు. హైదరాబాద్ పక్కనున్న గండిపేట చెరువు, అంటే ఉస్మాన్‌సాగర్, పూర్తి నిల్వ సామర్థ్యం 3.9 టీఎంసీలు. అంత గొప్ప మంచుకొండ మొత్తం చుక్క కూడా వృథా కాకుండా కరిగినా గండిపేట నిండదు. రోజుకు 15 కోట్ల లీటర్ల చొప్పున ఏడాదికి తీసే నీరు అందులో సగం పైచిలుకు, రెండు టీఎంసీల లోపే. ఒక పెద్ద నగరం ఒక గడ్డు ఏడాదిని దాటడానికి ఇది విలువైన నీరే. వ్యవసాయానికి మాత్రం ఇది ఏ మూలకూ చాలదు, ఎడారిని పచ్చగా మారుస్తుందన్న మాటలను నమ్మకూడదు.

అంత బరువును ఓడలు లాగగలవా?

నీటిలో తేలే వస్తువును కదిలించడానికి దాని బరువంత బలం అక్కర్లేదు. అడ్డుపడేది నీటి నిరోధం. ఆ నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి వేగం రెట్టింపైతే కావలసిన బలం నాలుగు రెట్లు అవుతుంది, ఇంజన్ శక్తి ఎనిమిది రెట్లు కావాలి. మొత్తం సమస్యకు కీలకం ఇక్కడే ఉంది.

ఒక మోటు లెక్క వేద్దాం. కిలోమీటరు పొడవు, అర కిలోమీటరు వెడల్పు, 250 మీటర్ల మందం ఉన్న పలక సుమారు 10 కోట్ల టన్నులు తూగుతుంది. అందులో 200 మీటర్లకు పైగా నీటి కిందే ఉంటుంది. పొడవు వాటంగా లాగితే నీటికి ఎదురుపడే ముఖం లక్ష చదరపు మీటర్లు. సెకనుకు అర మీటరు వేగంతో, అంటే మనిషి నడకలో సగం కూడా లేని వేగంతో, దాన్ని నిశ్చల నీటిలో లాగడానికి దాదాపు 1,300 టన్నుల లాగుడు బలం కావాలి. సముద్రపు చమురు క్షేత్రాల్లో వాడే అతి శక్తిమంతమైన టగ్గు ఓడల లాగుడు 200 నుంచి 400 టన్నులు. అలాంటివి రెండు కలిసి 500 టన్నుల బలంతో లాగితే వేగం గంటకు కిలోమీటరు పైచిలుకు, రోజుకు 27 కిలోమీటర్ల దాకా వస్తుంది. ఆ లెక్కన 2,700 కిలోమీటర్లకు 100 రోజులు. స్లోన్ బృందం చెప్పిన 80, 90 రోజులు ఈ లెక్కకు దగ్గరగానే ఉన్నాయి, మిగిలిన తేడాను సముద్ర ప్రవాహం పూడ్చాలి.

అంటే ఓడలు చేసేది కొండను మోసుకురావడం కన్నా దాని దారిని మళ్లించడమే. అంటార్కిటికా చుట్టూ పడమర నుంచి తూర్పుకు సాగే మహా ప్రవాహమూ, ఆఫ్రికా పశ్చిమ తీరం వెంబడి ఉత్తరానికి పారే చల్లని బెంగ్వేలా ప్రవాహమూ కొండను ఎటు తీసుకుపోతాయో తెలుసుకొని, ఆ దిశకు కొద్ది కొద్దిగా ఒరిగించాలి. భూభ్రమణం వల్ల దక్షిణార్ధగోళంలో కదిలే వస్తువులు ఎడమకు మళ్లుతాయన్న సంగతిని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఈ దారిలో గాలుల పేర్లే భయం పుట్టిస్తాయి. 40 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాటితే వీచే పెనుగాలులను నావికులు ‘గర్జించే నలభైలు’ అంటారు. వారాల తరబడి అలాంటి సముద్రంలో తాడు తెగకుండా, వల జారకుండా పట్టు నిలుపుకోవడం మీదే ప్రయాణమంతా ఆధారపడి ఉంటుంది.

దారిలోనే కరిగిపోదా?

కొంత తప్పకుండా కరుగుతుంది. అయితే చాలామంది అనుకున్నట్లు ఎండ వల్ల కాదు. మంచు తెల్లగా ఉండి ఎండలో చాలా భాగాన్ని తిప్పికొడుతుంది. అసలు నష్టం నీటిమట్టం దగ్గర జరుగుతుంది. అలలు ఎడతెగకుండా కొట్టి అక్కడ గాడి తొలుస్తాయి, ఆ గాడి లోతైన కొద్దీ పైన వేలాడే భాగం తన బరువుకు తానే విరిగి పడుతుంది. పైభాగం పోయాక నీటి కింద మిగిలిన పాదం పైకి తేలాలని ఒత్తిడి చేసి మరో ముక్కను విరగ్గొడుతుంది. ఇక పెద్ద పలకల విషయంలో పొడవైన అలలు అటూ ఇటూ వంచి నడిమికి విరిచేసే ప్రమాదం ఉంది. 2017లో విడిపోయిన ఏ-68 అనే మంచుకొండ దాదాపు 5,800 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణంతో బయలుదేరి, దక్షిణ జార్జియా ద్వీపం ప్రాంతంలో ముక్కలై 2021 కల్లా లేకుండా పోయింది.

ఇంకో వైపు మంచుకు తనదైన రక్షణ కూడా ఉంది. సున్నా డిగ్రీల మంచును సున్నా డిగ్రీల నీరుగా మార్చడానికి పట్టే వేడితో అదే నీటిని 80 డిగ్రీల దాకా కాచవచ్చు. ఈ గుప్తోష్ణం వల్లే పెద్ద మంచుకొండ నెలల తరబడి నిలుస్తుంది. పరిమాణం పెరిగిన కొద్దీ ఉపరితలంతో పోలిస్తే లోపలి మంచు ఎక్కువ కాబట్టి నష్టం శాతం తగ్గుతుంది. 2023లో అలన్ కాండ్రన్ అనే సముద్ర శాస్త్రవేత్త ప్రచురించిన గణిత నమూనా ప్రకారం మధ్యస్థాయి మంచుకొండలు పెద్దగా తొడుగుల అవసరం లేకుండానే కేప్‌టౌన్ చేరగలవు, కానీ గల్ఫ్‌లోని యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్ దాకా వెళ్లాలంటే కొండ బాగా పెద్దదైనా ఉండాలి, తొడుగైనా ఉండాలి, లేదా రెండూ కావాలి.

గమ్యం చేరాక నీటిని ఎలా తీస్తారు?

ఈ ప్రశ్న అడిగేవారు తక్కువ. నా అభిప్రాయంలో అన్నిటికన్నా ముందు అడగవలసింది ఇదే, ఎందుకంటే 70 ఏళ్ల చర్చలో లాగడం గురించి రాసినంతగా దించుకోవడం గురించి రాయలేదు.

మొదటి అడ్డంకి లోతు. 200 మీటర్లకు పైగా నీటిలో మునిగి ఉన్న కొండ ఏ రేవుకూ రాలేదు, తీరానికి చాలా దూరంలోనే అడుగు తగిలి ఆగిపోతుంది. సౌదీ రాజకుమారుడి పథకం జెడ్డా నగరాన్ని గమ్యంగా పెట్టుకుంది, కానీ ఎర్ర సముద్రానికి దక్షిణ ద్వారం దగ్గర హనీష్ దీవుల పక్కన సముద్రగర్భం గట్టులా లేచి లోతు 137 మీటర్లకు పడిపోతుంది. పెద్ద మంచుకొండ దాన్ని దాటలేదు. ముందుగానే బయట ముక్కలు చేసుకోవాలి.

రెండోది కరిగించడం. రోజుకు 15 కోట్ల లీటర్ల నీటి కోసం అంత మంచు కరగాలంటే నిరంతరం 580 మెగావాట్ల వేడి అందుతూ ఉండాలి. విశాఖ దగ్గరి సింహాద్రి విద్యుత్ కేంద్రంలో ఒక్కో యూనిట్ సామర్థ్యం 500 మెగావాట్లు. ఆ వేడిని ఇంధనం మండించి ఇవ్వడం అర్థం లేని పని, కాబట్టి అది ఎండ నుంచో, గాలి నుంచో, సముద్రం నుంచో రావాలి. సముద్రం నుంచి ఉచితంగా వచ్చే వేడి మాత్రం కరిగిన నీటిని ఉప్పునీటిలో కలిపేస్తుంది. అందుకే స్లోన్ బృందం కొండ పైభాగంలో పెద్ద గుంట తవ్వి, యంత్రాలతో మంచును పొడి చేసి, నీరూ మంచూ కలిసిన జావను పంపులతో ట్యాంకర్ ఓడల్లోకి ఎక్కించాలని ఆలోచించింది. ట్యాంకర్లు ఒడ్డుకు చేర్చాక పైపులైన్లలో నగర సరఫరాకు కలపాలి. తవ్వుతున్న కొద్దీ కొండ బరువు, తేలే తీరు మారుతుంటాయి, దాని మీద మనుషులు, యంత్రాలు పనిచేస్తుంటారు. శీతకాలపు తుఫాను వస్తే ట్యాంకర్లు పక్కన నిలవలేవు. ఈ పని ఇంత పరిమాణంలో ఎవరూ ఎక్కడా చేసి చూడలేదు.

ఖర్చు ఎంత? సముద్రపు నీటిని శుద్ధి చేయడం కన్నా చౌకేనా?

వార్తల్లో వచ్చిన అంచనాలు 13 కోట్ల నుంచి 20 కోట్ల డాలర్ల మధ్య ఉన్నాయి. ఏడాది మొత్తానికి వచ్చే సుమారు 5.5 కోట్ల ఘనపు మీటర్ల నీటితో భాగిస్తే ఘనపు మీటరుకు రెండున్నర నుంచి మూడున్నర డాలర్లు పడుతుంది. నేటి పెద్ద డీశాలినేషన్ ప్లాంట్లలో, అంటే సముద్రపు నీటి నుంచి ఉప్పు తీసే కేంద్రాల్లో, ఘనపు మీటరు నీరు అర డాలరు, డాలరు మధ్య తయారవుతోంది. అంటే అనుకున్నవన్నీ అనుకున్నట్లు జరిగినా మంచుకొండ నీరు ఖరీదైనదే.

అయితే ఒక విషయాన్ని న్యాయంగా చూడాలి. డీశాలినేషన్ ప్లాంటును కరువు కోసం కడితే, వానలు పడిన ఏళ్లలో కూడా దాని అప్పు, నిర్వహణ భారం మోయాలి. మంచుకొండను అవసరమైన ఏడాదే తెచ్చుకోవచ్చు. ఈ వాదనలో బలం ఉంది. కానీ ఒక్కసారి తాడు తెగినా, కొండ రెండుగా చీలినా పెట్టుబడి మొత్తం పోతుంది, ప్లాంటు విషయంలో అలాంటి భయం లేదు.

కేప్‌టౌన్ ఎందుకు ఒప్పుకోలేదు?

నగరం అప్పటికే వేరే దారిలో గట్టెక్కింది. 2015 ఆరంభంలో రోజుకు దాదాపు 120 కోట్ల లీటర్లున్న వాడకాన్ని 2018 నాటికి 50 కోట్ల లీటర్ల స్థాయికి ప్రజలే తగ్గించారు. అంత పెద్ద నగరం అంత తక్కువ కాలంలో వాడకాన్ని సగానికి పైగా తగ్గించుకోవడం అసాధారణ విజయం. ఆ ఏడాది శీతకాలంలో వానలు పడ్డాయి, డే జీరో రాలేదు, 2020లో జలాశయాలు నిండాయి. ఈలోగా తాత్కాలిక డీశాలినేషన్ ప్లాంట్లు, భూగర్భ జలాల పథకాలు మొదలయ్యాయి. కొండల మీద విపరీతంగా నీరు పీల్చే విదేశీ చెట్లను, ముఖ్యంగా పైన్, అకేసియా జాతులను, నరికించే పని కూడా చేపట్టారు. ప్రవాహాల్లోకి అదనంగా నీరు రావడానికి అన్నిటికన్నా చౌక మార్గం అదేనని లెక్కలు తేల్చాయి. ఇన్ని దారులుండగా ఎవరూ పరీక్షించని పద్ధతికి ప్రజాధనం కట్టబెట్టకపోవడం సబబేనని నేను అనుకుంటున్నాను.

ఎమిరేట్స్ పథకం సంగతి ఏమైంది?

2017లో అక్కడి ఒక ప్రైవేటు సంస్థ, దక్షిణ హిందూ మహాసముద్రంలోని హర్డ్ ద్వీపం ప్రాంతం నుంచి మంచుకొండను ఫుజైరా తీరానికి తెస్తామని ప్రకటించింది. ఫుజైరాను ఎంచుకోవడానికి కారణం స్పష్టం. పర్షియన్ గల్ఫ్ సగటు లోతు 35 మీటర్లు మాత్రమే, ఫుజైరా మాత్రం దానికి వెలుపల లోతైన ఒమన్ గల్ఫ్ మీద ఉంది. కానీ దారి దాదాపు 9,000 కిలోమీటర్లు. భూమధ్యరేఖను దాటాలి, ప్రవాహాలు సహకరించవు, అరేబియా సముద్రపు ఉపరితల నీరు చాలా కాలం 28 డిగ్రీలకు అటూ ఇటూ ఉంటుంది. ఇంతవరకూ ఏ మంచుకొండా రాలేదు. గల్ఫ్‌లో పనిచేస్తున్న లక్షలాది తెలుగువారు కుళాయిలో పట్టుకునేది ఈ రోజుకూ ఉప్పు తీసిన సముద్రపు నీరే.

మన తీరానికి తేవచ్చా? రాయలసీమ కరువుకు పనికొస్తుందా?

రాదనే చెప్పాలి. బంగాళాఖాతం ఏడాదిలో ఎక్కువ భాగం 28 నుంచి 30 డిగ్రీల వేడితో ఉంటుంది, పైగా తుఫానుల సముద్రం. కేప్‌టౌన్‌కు బెంగ్వేలా ప్రవాహం చేసే మేలు మనకు ఏ ప్రవాహమూ చేయదు. ఒకవేళ తీరం చేరినా, అక్కడి నుంచి అనంతపురం దాకా వందల కిలోమీటర్లు, వందల మీటర్ల ఎత్తుకు ఎత్తిపోయాలి. శ్రీశైలం నుంచి హంద్రీ-నీవా ద్వారా నీటిని ఎత్తిపోయడానికే ఎంత విద్యుత్తు పడుతుందో సీమ వాసులకు తెలుసు.

చెన్నై ఉదాహరణ ఇక్కడ పనికొస్తుంది. 2019 వేసవిలో ఆ నగర జలాశయాలు ఎండినప్పుడు జోలార్‌పేట నుంచి రైలు వ్యాగన్లలో ఒక్కో విడతకు 25 లక్షల లీటర్ల నీటిని తెచ్చారు. కండలేరు నుంచి తెలుగు గంగ కాలువ, మింజూరు, నెమ్మేలి డీశాలినేషన్ ప్లాంట్లు ఆ నగరానికి అప్పటికే ఉన్న ఆధారాలు. ఉష్ణమండల తీర నగరం ఏదైనా ఆలోచించవలసింది ఇలాంటి మార్గాల గురించే.

మంచుకొండను కరిగిస్తే సముద్ర మట్టం పెరుగుతుందా?

చెప్పుకోదగ్గంతగా పెరగదు. తేలుతున్న మంచు తన బరువుకు సమానమైన నీటిని ఇప్పటికే పక్కకు నెట్టింది. సముద్ర మట్టాన్ని పెంచేది నేల మీది మంచు సముద్రంలోకి జారడం, దానికీ ఈ పథకానికీ సంబంధం లేదు.

ప్రకృతికి హాని ఉండదా?

అంటార్కిటికా వైపు నష్టం స్వల్పం. అక్కడ ఏటా లక్ష కోట్ల టన్నులకు పైగా మంచు కొండలుగా విడిపోతుంది, కేప్‌టౌన్ అడిగింది అందులో పదివేలలో ఒక వంతు. ఆ కొండలు మోసుకొచ్చే ఇనుప ధాతువు సముద్రపు సూక్ష్మ మొక్కలకు ఆహారమవుతుందన్నది నిజమే కానీ, ఒక్క కొండ తగ్గితే లోటు తెలియదు.

గమ్యం దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. కేప్ కొలంబైన్ చుట్టూ ఉన్నది సార్డీన్, యాంకోవీ చేపలకు పేరుపొందిన మత్స్య క్షేత్రం. ఏడాదిపాటు ఒకేచోట చల్లని మంచినీరు ఉపరితలంపై పొరలా పరుచుకుంటే కిందినుంచి పైకి వచ్చే పోషక జలాలు ఎలా మారతాయో, చేపల గుడ్లకు ఏమవుతుందో ముందుగా పరిశీలించాలి. పొగమంచు పెరగవచ్చు. విరిగిపడే ముక్కలు పడవలకు ప్రమాదం. ఆ తీరంలో చేపలు పట్టి బతికే కుటుంబాల మాట వినకుండా ఏ అనుమతీ ఇవ్వకూడదు.

మంచుకొండ ఎవరి సొత్తు?

1959 నాటి అంటార్కిటిక్ ఒప్పందం 60 డిగ్రీల దక్షిణ అక్షాంశానికి దిగువన వర్తిస్తుంది. 1991 నాటి మాడ్రిడ్ ప్రోటోకాల్ అక్కడ ఖనిజాల తవ్వకాన్ని నిషేధించింది, అయితే మంచును తీసుకోవడం ఆ నిషేధం కిందికి రాదని సభ్యదేశాలు నాడే నమోదు చేశాయి. అయినా పర్యావరణ ప్రభావాన్ని ముందుగా అంచనా వేయడం తప్పనిసరి. గాఫ్ ద్వీపం 40 డిగ్రీల దగ్గర ఉంది, కాబట్టి అక్కడికి తేలివచ్చిన కొండ ఒప్పంద పరిధి దాటి బహిరంగ సముద్రంలో ఉన్నట్లే. అంతర్జాతీయ సముద్ర చట్టంలో మంచుకొండల ప్రస్తావనే లేదు. భారతదేశం 1983 నుంచి ఆ ఒప్పందంలో నిర్ణయాధికారం ఉన్న సభ్యదేశం, 2022లో సొంతంగా అంటార్కిటిక్ చట్టం కూడా చేసుకుంది. ఈ నిబంధనలు రూపుదిద్దుకునేటప్పుడు మన గొంతు కూడా వినిపించాలి.

మంచుకొండలను లాగే పని నేడు ఎక్కడైనా జరుగుతోందా?

కెనడాలోని న్యూఫౌండ్‌లాండ్ తీరంలో 1970ల నుంచి జరుగుతోంది. అక్కడి చమురు వేదికల వైపు వచ్చే మంచుకొండల చుట్టూ టగ్గు ఓడ తేలియాడే పొడవాటి తాడు వేసి, రెండు కొసలను కలిపి, నెమ్మదిగా పక్కకు మళ్లిస్తుంది. కొండ దారి కొద్ది డిగ్రీలు మారితే చాలు. కొన్నిసార్లు తాడు జారుతుంది, కొన్నిసార్లు కొండ బోర్లాపడుతుంది, మళ్లీ మొదలుపెడతారు. అదే తీరంలో కొందరు తేలే చిన్న ముక్కలను వలలతో పట్టి, సీసా నీళ్లకూ మద్యం తయారీకీ అమ్ముతారు. ఇవన్నీ గంటలు, రోజుల పనులు. వేల కిలోమీటర్ల ప్రయాణానికి నేరుగా రుజువు కావు.

ఇది పనిచేస్తుందో లేదో తేలాలంటే ఏం చేయాలి?

10 కోట్ల టన్నుల కొండతో మొదలుపెట్టనక్కర్లేదు. కొన్ని లక్షల టన్నుల పలకను దక్షిణ సముద్రంలో కొన్ని వందల కిలోమీటర్లు లాగి, తొడుగు ఉన్నప్పుడూ లేనప్పుడూ నీటిమట్టం దగ్గర గాడి ఎంత వేగంగా తొలుస్తుందో కొలిస్తే నమూనాలకు మొదటిసారి నిజమైన అంకెలు దొరుకుతాయి. దానికన్నా చౌకగా, న్యూఫౌండ్‌లాండ్ తీరంలో ఇప్పటికే లాగుతున్న కొండల మీదే, పైన గుంట తవ్వి మంచు జావను పంపు చేసే పద్ధతిని పరీక్షించవచ్చు. రోజుకు కొన్ని వేల ఘనపు మీటర్లు నెలపాటు ఆగకుండా ట్యాంకర్‌లోకి ఎక్కించి చూపించగలిగితే, అప్పుడు కేప్‌టౌన్, పెర్త్, ఉత్తర చిలీ తీర నగరాల నీటి శాఖలు ఈ పథకాన్ని డీశాలినేషన్ టెండర్ల పక్కన పెట్టి పోల్చుకోవడానికి ఒక ఆధారం ఏర్పడుతుంది.